ఏ పురుగుకు ఏ బిళ్ళ?

(చదువుల కేంద్రంలో సాయంత్రం పూట చదివి వినిపించే ప్రసంగం)



ఒక ఊళ్ళో ఒక తల్లి ఉందనుకోండి. ఆమెకు ఇద్దరు పిల్లలు. కొడుక్కి ఎనిమిదేళ్ళు, కూతురికి ఐదేళ్ళు. ఆమె నాట్లు వేస్తుంది, కలుపు తీస్తుంది. వానాకాలమంతా కాళ్ళు బురదలోనే ఉంటాయి. ఏడాదిగా ఆమెకు ఒంట్లో సత్తువ లేదు. నాలుగు బిందెలు మోస్తే ఆయాసం. కళ్ళకింద తెల్లగా పాలిపోయింది. అత్త చూసి, "తిండి సరిగా తినవు, అందుకే ఇట్లా అయిపోయావు" అంది. పక్కింటామె చూసి, "కడుపులో పురుగులున్నాయేమో, బిళ్ళలు వేసుకోరాదా" అంది.

ఆమె దుకాణానికి పోయి "పురుగుల బిళ్ళలు ఇవ్వండి" అంది. ఎవరికి, ఎన్నేళ్ళవాళ్ళకి అని దుకాణదారు అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఒక అట్ట ఇచ్చాడు. అందులో ఆరు బిళ్ళలున్నాయి. ఇంటికొచ్చి సమంగా పంచింది. తనకు రెండు, కొడుక్కి రెండు, కూతురికి రెండు. తల్లి మనసు గదా, పంచకుండా ఎట్లా ఉంటుంది!

రెండోరోజు కొడుకు దొడ్డిలో వానపాములాంటి పురుగు పడింది. జానెడు పొడవుంది. ఇంట్లో అందరూ "అబ్బ, మందు బాగా పనిచేసింది" అనుకున్నారు. కానీ తల్లికి మాత్రం ఆయాసం తగ్గలేదు. నెల గడిచింది, రెండు నెలలు గడిచాయి. అదే నీరసం.

మందు ఒకటే. కొడుక్కి పనిచేసింది. తల్లికి ఎందుకు పనిచేయలేదు? ఈ సాయంత్రం తెలుసుకోవలసింది అదే.

పురుగులు అన్నీ ఒకటి కావు

కడుపులో పురుగులు అని అందరూ ఒకటే మాట అంటారు. నిజానికి అవి చాలా రకాలు. ముఖ్యమైనవి ఐదు.

మొదటిది ఏలికపాము. వానపాములా గుండ్రంగా, పొడుగ్గా ఉంటుంది. జానెడు నుంచి మూరెడు దాకా పెరుగుతుంది. ఒక ఆడ పురుగు రోజుకు రెండు లక్షల దాకా గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు దొడ్డితోపాటు మట్టిలో పడతాయి. కడగని చేతులతో, కడగని కూరగాయలతో మళ్ళీ నోట్లోకి పోతాయి. పిల్లల్లో ఈ పురుగులు ఎక్కువైతే ఒక్కోసారి ఉండకట్టి పేగుకు అడ్డం పడతాయి. అప్పుడు ప్రాణం మీదికి వస్తుంది.

రెండోది కొంకిపురుగు. ఇది సన్నగా, అర అంగుళం కన్నా చిన్నగా ఉంటుంది. నోటితో పేగును కరచుకొని నెత్తురు తాగుతుంది. ఇది నోటిగుండా రావడం తక్కువ. బయలుకు పోయిన చోట తడి నేలలో గుడ్లు పొదిగి, సన్నని పిల్లపురుగులు తయారవుతాయి. చెప్పులు లేని పాదం తగిలితే అవి చర్మంలోంచి దూరతాయి. నెత్తుట్లో పడి ఊపిరితిత్తులకు పోయి, అక్కడినుంచి గొంతుకు ఎక్కి, మింగినప్పుడు పేగులోకి చేరతాయి.

మూడోది కొరడా పురుగు. ఒక కొన సన్నగా, ఒక కొన లావుగా కొరడాలా ఉంటుంది. సన్నని కొనను పేగు గోడలోకి గుచ్చుకొని కూర్చుంటుంది. అందుకే దీన్ని వదిలించడం కష్టం.

నాలుగోది నులిపురుగు. తెల్లదారప్పోగులా ఉంటుంది. రాత్రిళ్ళు పిల్లల ఆసనం దగ్గరికి వచ్చి గుడ్లు పెడుతుంది. పిల్లలు గోక్కుంటారు, నిద్రపోరు. ఆ చేతులే నోట్లో పెట్టుకుంటారు. ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకూ తగులుకుంటుంది. ఇది మట్టితో పనిలేకుండా మనిషి నుంచి మనిషికి పాకుతుంది. మామూలు మాటల్లో కడుపులో ఏ పురుగునైనా నులిపురుగు అనేస్తారు. కానీ అసలు నులిపురుగు ఇదే.

ఐదోది బద్దెపురుగు. నవారులా బద్దగా, ముక్కలు ముక్కలుగా ఉంటుంది. సరిగా ఉడకని పందిమాంసం, పశుమాంసం తినేవారికి వస్తుంది.

ఈ పురుగులన్నీ ఒకే దారిలో రావు, ఒకేలా బతకవు. కాబట్టి ఒకే బిళ్ళ అన్నిటికీ ఒకేలా పనిచేయదు.

బిళ్ళ కడుపులో ఏం చేస్తుంది?

పూర్వం పురుగులంటే పిల్లలకు ఆముదం తాగించేవారు. విరేచనాలయ్యేవి, పిల్లలు నీరసపడేవారు, పురుగులు మాత్రం చాలావరకు లోపలే ఉండేవి. నూరేళ్ళ కిందట కొంకిపురుగులకు కార్బన్ టెట్రాక్లోరైడ్ అనే మందు వాడారు. అది పురుగుతోపాటు మనిషి కాలేయాన్ని కూడా దెబ్బతీసేది. ఇప్పటి మందులు వాటికన్నా ఎంతో నయం.

ఇప్పుడు ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి ఆల్బెండజోల్. రెండోది మెబెండజోల్. ఈ రెండూ అక్కచెల్లెళ్ళ లాంటివి. పురుగు ఒంట్లో చక్కెర చేరకుండా ఇవి అడ్డుపడతాయి. తిండి అందక పురుగు మెల్లగా చచ్చిపోతుంది. దీనికి ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే బిళ్ళ వేసుకున్న పూటే పురుగు పడదు. కొన్ని పురుగులు కంటికి ఆనవు, కొన్ని లోపలే అరిగిపోతాయి. పురుగు కనపడలేదని మందు పనిచేయలేదనుకోవడం తప్పు.

మూడోది పైరాంటెల్. ఇది పురుగు కండరాలను బిగుసుకుపోయేట్టు చేస్తుంది. పట్టు తప్పిన పురుగు దొడ్డితోపాటు బయటికొచ్చేస్తుంది. దీన్ని మనిషి బరువునుబట్టి ఇస్తారు. పిల్లలకు సిరప్‌గా కూడా దొరుకుతుంది.

నాలుగోది పైపరజిన్. ఇది పాతకాలం మందు. ఇది కూడా పురుగును కదలకుండా చేస్తుంది, కానీ కండరాలను వదులు చేసి. పైరాంటెల్ బిగిస్తుంది, పైపరజిన్ వదులు చేస్తుంది. ఈ రెండూ కలిపి వేసుకుంటే ఒకదాని పనిని ఒకటి చెడగొడుతుంది. "రెండు మందులు వేస్తే రెండింతలు గుణం" అనే లెక్క ఇక్కడ చెల్లదు.

నూరుమందిలో ఎందరికి?

మందుల గుణం నోటిమాటతో తేలదు, లెక్కతో తేలాలి. 2008లో స్విట్జర్లాండ్ పరిశోధకులు ఒక లెక్క తీశారు. పలుచోట్ల జరిగిన 20 పరీక్షల ఫలితాలను ఒకచోట చేర్చారు. ఒక్కసారి మందు వేస్తే నూరుమందిలో ఎందరికి పురుగులు పూర్తిగా పోయాయో చూశారు.

ఏలికపాములు: ఆల్బెండజోల్‌తో 88 మందికి పోయాయి. మెబెండజోల్‌తో 95 మందికి పోయాయి. పైరాంటెల్‌తో 88 మందికి పోయాయి. మూడూ మంచివే.

కొంకిపురుగులు: ఆల్బెండజోల్‌తో 72 మందికి పోయాయి. పైరాంటెల్‌తో 31 మందికి పోయాయి. మెబెండజోల్‌తో 15 మందికే పోయాయి.

కొరడా పురుగులు: ఆల్బెండజోల్‌తో 28 మందికి, మెబెండజోల్‌తో 36 మందికి పోయాయి. ఒక్క మోతాదుతో రెండూ అంతంతమాత్రమే.

ఈ అంకెలు ఒకసారి మళ్ళీ చదవండి. 95 ఎక్కడ, 15 ఎక్కడ! ఒకే మెబెండజోల్ ఏలికపాము మీద పులి, కొంకిపురుగు మీద పిల్లి.

ఇప్పుడు ఆ తల్లి సంగతి అర్థమవుతుంది. దుకాణంలో ఆమెకు ఇచ్చింది మెబెండజోల్. ఒక్కో బిళ్ళ 100 మిల్లీగ్రాములు. ఆ ఆరు బిళ్ళలూ ఒక్క మనిషికి సరిపడేవి. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, మూడు రోజులు వాడాలి. మూడు రెళ్ళు ఆరు. కొడుకు కడుపులో ఉన్నది ఏలికపాము. రెండు బిళ్ళలకే అది లొంగింది. తల్లి కడుపులో ఉన్నది కొంకిపురుగు. మూడురోజుల మందు పూర్తిగా వాడితే గుణం బాగుండేది. రెండు బిళ్ళలకు అది లొంగలేదు. ఆమె పంచిన ప్రేమలో తప్పులేదు. ఎట్లా వాడాలో చెప్పినవాళ్ళు లేకపోవడమే తప్పు.

పురుగులు పూర్తిగా పోకపోతే మందు వృథా అని కాదు. చాలామందిలో పురుగుల సంఖ్య బాగా తగ్గుతుంది. వంద పురుగులున్న చోట పది మిగిలినా ఒంటికి మేలే. కానీ ఆ పదీ గుడ్లు పెడుతూనే ఉంటాయి. ఆ సంగతి మరువరాదు.

నెత్తురు లెక్క

కొంకిపురుగును ఎందుకు ఇంత పట్టించుకోవాలి? రకాన్నిబట్టి ఒక్కో పురుగు రోజుకు మిల్లీలీటరులో ముప్ఫయ్యో వంతు నుంచి ఐదో వంతు దాకా నెత్తురు నష్టపరుస్తుంది. ఐదో వంతు అంటే చాలా తక్కువ అనిపిస్తుంది. అలాంటి పురుగులు 50 ఉన్నాయనుకోండి. రోజుకు 10 మిల్లీలీటర్లు. అంటే రెండు చిన్న చెంచాలు. నెలకు 300 మిల్లీలీటర్లు. ఒక పెద్ద గ్లాసెడు నెత్తురు!

ఆడవాళ్ళకు నెలనెలా నెత్తురు పోతుంది. కాన్పులో పోతుంది. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే అలవాటు ఉంటే ఒంట్లోకి వచ్చేదీ తక్కువే. దానికి తోడు కొంకిపురుగులు. ఇక రక్తహీనత రాక ఏమవుతుంది?

కథలోని తల్లి చివరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది. అక్కడ మలపరీక్ష చేశారు. కొంకిపురుగు గుడ్లు కనపడ్డాయి. నెత్తురు పరీక్ష చేశారు. హిమోగ్లోబిన్ 8 గ్రాములుంది. ఆడవాళ్ళకు 12కు తగ్గరాదు. డాక్టరమ్మ ఆల్బెండజోల్ 400 మిల్లీగ్రాముల బిళ్ళ ఒకటి దగ్గరుండి వేయించింది. ఇనుము బిళ్ళలు రాసిచ్చింది. "పురుగుల బిళ్ళ కారే కుండకు చిల్లు మూస్తుంది. ఖాళీ అయిన కుండ నిండాలంటే ఇనుము బిళ్ళలు నెలల తరబడి వేసుకోవాలి" అని చెప్పింది. ఆ మాట గుర్తుంచుకోవాలి. పురుగుల మందు ఒక్కటే నెత్తురు పట్టించదు.

నులిపురుగుకు, బద్దెపురుగుకు

నులిపురుగులకు ఆల్బెండజోల్, మెబెండజోల్, పైరాంటెల్ మూడూ పనిచేస్తాయి. కానీ ఇవి పురుగును చంపుతాయి గాని గుడ్లను సరిగా చంపలేవు. అందుకని రెండు వారాల తర్వాత మళ్ళీ ఒకసారి వేసుకోవాలి. ఇంట్లో అందరూ ఒకేరోజు వేసుకోవాలి. పక్కబట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. పిల్లల గోళ్ళు తీయాలి. ఒక పిల్లకే మందు వేసి ఊరుకుంటే నెలలోపే మళ్ళీ మొదటికి వస్తుంది.

బద్దెపురుగు దారి వేరు. దానికి ప్రాజిక్వాంటెల్, నిక్లోసమైడ్ అనే మందులున్నాయి. ఇవి దుకాణంలో అడిగి కొనుక్కునేవి కావు. ఎందుకంటే పందిమాంసంలోని బద్దెపురుగుకు పిల్లపురుగులు ఒక్కోసారి మనిషి మెదడులో చేరతాయి. అలాంటివారికి మూర్ఛలు వస్తాయి. మెదడులో పురుగు ఉండగా ఆల్బెండజోల్ గాని ప్రాజిక్వాంటెల్ గాని వేస్తే అక్కడ వాపు వచ్చి ఫిట్స్ రావచ్చు. నిక్లోసమైడ్ పేగు దాటి ఒంట్లోకి పెద్దగా పోదు. ఎవరికి ఏది ఇవ్వాలో డాక్టరే తేల్చాలి. ఇంట్లో ఎవరికైనా మూర్ఛలు ఉంటే ఏ పురుగుల బిళ్ళ వేసుకునేముందైనా ఆ సంగతి చెప్పితీరాలి.

బడిలో ఇచ్చే బిళ్ళ

2015 నుంచి దేశంలో నులిపురుగుల నివారణ దినం జరుపుతున్నారు. ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో పిల్లలకు ఉచితంగా బిళ్ళ ఇస్తారు. చాలాచోట్ల ఆగస్టులో మరోసారి ఇస్తారు. ఒక ఏడు నిండినవారి నుంచి 19 ఏళ్ళవారి దాకా ఇస్తారు. ఆ రోజు రానివారికి తర్వాత మరో రోజు ఇస్తారు.

ఆ బిళ్ళ ఆల్బెండజోల్. ఎందుకు దాన్నే ఎంచుకున్నారు? పైన చెప్పిన అంకెలు చూస్తే తెలుస్తుంది. ఏలికపాము మీద, కొంకిపురుగు మీద రెండింటిమీదా బాగా పనిచేసేది అదే. పైగా ఒక్క మోతాదు చాలు, ధర కూడా తక్కువ. పెద్దపిల్లలకు బరువు తూచే పని లేదు.

ఒకటి నుంచి రెండేళ్ళలోపు పిల్లలకు సగం బిళ్ళ, అంటే 200 మిల్లీగ్రాములు. రెండేళ్ళు దాటినవారికి పూర్తి బిళ్ళ, 400 మిల్లీగ్రాములు. నమిలి మింగాలి. చిన్నపిల్లలకు బిళ్ళను పొడిచేసి నీళ్ళలో కలిపి పట్టాలి. ఏడుస్తున్న పిల్లకు ముక్కు మూసి బిళ్ళ నోట్లో కుక్కితే గొంతుకు అడ్డంపడి ప్రాణం పోవచ్చు. ఇది భయపెట్టడానికి చెప్పే మాట కాదు. అట్లా జరిగిన సందర్భాలున్నాయి. పిల్ల ఏడుపు మానేదాకా ఆగాలి.

జ్వరంగా ఉన్న పిల్లకు ఆ రోజు వేయరు. తగ్గాక వేస్తారు. బిళ్ళ వేసుకున్నాక కొందరికి కాస్త కడుపునొప్పి, వికారం, తలనొప్పి వస్తాయి. పురుగులు ఎక్కువగా ఉన్నవారిలో ఇది ఎక్కువ. సాధారణంగా దానంతట అదే తగ్గిపోతుంది. తగ్గకపోతే ఆశ కార్యకర్తకు గాని ఏ.ఎన్.ఎం.కు గాని చెప్పాలి. పస్తుండాల్సిన పని లేదు. ఆముదం తాగాల్సిన పనీ లేదు.

గర్భిణులకు మొదటి మూడు నెలల్లో ఈ బిళ్ళలు ఇవ్వరు. నెల తప్పిందేమో అన్న అనుమానం ఉన్నా ముందే చెప్పాలి. మూడు నెలలు దాటాక డాక్టరు సలహాతో ఆల్బెండజోల్ ఇస్తారు.

బోదకాలు ఉన్న ప్రాంతాల్లో ఇంటింటికీ వచ్చి డీఈసీ బిళ్ళలతోపాటు వేసేదీ ఈ ఆల్బెండజోలే. ఆ రోజు బిళ్ళ వేసుకుంటే బోదకాలుకు అడ్డుకట్ట పడుతుంది, కడుపులో పురుగులూ తగ్గుతాయి. ఆ బిళ్ళలను చేతిలో పట్టుకొని "తర్వాత వేసుకుంటాం" అని సూరులో దోపేయరాదు.

అట్టమీద అంకెలు

మందు అట్టమీద పేరు ఇంగ్లీషులో ఉంటుంది. చాలామందికి ఇంగ్లీషు రాదు. అయినా ఫరవాలేదు. అంకెలు అందరికీ ఒకటే. అంకెలు వచ్చినవారు అట్టమీద మూడు సంగతులు చూడవచ్చు.

ఒకటి, మోతాదు. 400 అని ఉందా, 100 అని ఉందా? మెబెండజోల్‌లో 500 కూడా ఉంటుంది, అది ఒక్కసారి వేసుకునేది. 100 అయితే మూడురోజుల మందు.

రెండు, గడువు తేదీ. నెల, ఏడాది అంకెల్లో ఉంటాయి. ఆ నెల దాటితే వాడరాదు.

మూడు, ధర. అట్టమీద ఉన్నదానికన్నా ఎక్కువ ఇవ్వనక్కరలేదు. కంపెనీ పేరు ఏదైనా లోపలి మందు ఒకటే అయితే, మోతాదు ఒకటే అయితే, ఖరీదైనది ఎక్కువ పనిచేస్తుందని లేదు. ఆరోగ్య కేంద్రంలో అయితే ఉచితంగానే ఇస్తారు.

పేరు చదవలేకపోతే, "ఈ మందు పేరు తెలుగులో రాసివ్వండి" అని అడగండి. "ఎవరికి, ఎన్ని, ఎన్నాళ్ళు" అని కూడా రాయించుకోండి. అడగడం నామోషీ కాదు. చదువు నేర్చింది అందుకే గదా!

బిళ్ళతో సగం పనే

మందు వేసి ఊరుకుంటే ఏమవుతుంది? 2012లో అచ్చయిన ఒక లెక్క ఉంది. మందు వేసిన ఊళ్ళలో పరిసరాలు పాతట్లాగే ఉంటే, ఏడాది తిరిగేసరికి ఏలికపాములు మునుపున్నంత మందికీ దాదాపుగా మళ్ళీ వచ్చేశాయి. కొంకిపురుగులు సగం మందికి పైగా తిరిగివచ్చాయి. బిళ్ళ లోపలి పురుగును చంపుతుంది. మట్టిలో ఉన్న గుడ్డును చంపదు.

మరుగుదొడ్డి కట్టుకోవాలి, కట్టుకున్నదాన్ని వాడాలి. అందులో కట్టెలు, పిడకలు దాచుకుంటే పురుగులకే లాభం. దొడ్డికి పోయివచ్చాక, అన్నం ముందు సబ్బుతో చేతులు కడగాలి. కూరగాయలు కడిగి వండాలి. చెప్పులు తొడగాలి. పొలంలో, తోటలో ఎవరూ బయలుకు కూర్చోకూడదు. నాట్లు వేసేటప్పుడు చెప్పులతో దిగలేరు, నిజమే. అందుకే ఆ పొలం గట్టు శుభ్రంగా ఉండటం అక్కడ కూలికి దిగే ప్రతి ఆడమనిషికీ అవసరం. ఒకరి ఇంట్లో మరుగుదొడ్డి లేకపోతే ఆ నష్టం పదిమంది పాదాలకు.

కథలోని తల్లి ఇప్పుడు ఇనుము బిళ్ళలు వేసుకుంటూ ఉంది. మూడోనెలకు కళ్ళకింద ఎరుపు తిరిగింది. బిందె మోస్తే మునుపటంత ఆయాసం లేదు. ఈసారి దుకాణానికి పోయినప్పుడు ఆమె అట్ట తిప్పి చూసింది. 100 అని చదివింది. "ఇది మూడురోజుల మందు గదా, ఒకరికే గదా?" అని అడిగింది. దుకాణదారు ఆమెవంక ఒకసారి చూసి, "అవునమ్మా, ఒకరికే" అన్నాడు.

చదివి ఆలోచించండి

1. కొంకిపురుగు ఒంట్లోకి ఏ దారిన వస్తుంది?
2. ఏలికపాముకు, కొంకిపురుగుకు రెండింటికీ బాగా పనిచేసే మందు ఏది?
3. ఆరు బిళ్ళల మెబెండజోల్ అట్టను ముగ్గురికి పంచితే ఏమవుతుంది?
4. మీ ఇంట్లో ఉన్న ఒక మందు అట్ట తీసుకొని మోతాదు, గడువు తేదీ, ధర చదవండి. నోటుపుస్తకంలో రాయండి.
5. మీ ఊళ్ళో ఎన్ని ఇళ్ళలో మరుగుదొడ్డి ఉంది? ఎన్ని ఇళ్ళవారు వాడుతున్నారు? నలుగురూ కలిసి లెక్క తీయండి.